వాయిదా ముద్ద

“ఆ బాటిల్ ఎవరు కడిగినారు?”

ఇన్‌స్పెక్టర్ మల్లికార్జునయ్య ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. మొదటిసారి నర్సు హజరాబీ వినపడనట్టు నటించింది. రెండోసారి తెల్లకోటు గుండీలు సరిచూసుకుంది. మూడోసారికి ఇక తప్పించుకునే సందు దొరక్క తల వంచుకుని, “డాక్టర్ సాబే కడిగినాడు సార్” అంది.

“రోజూ ఆయనే కడుగుతాడా?”

“ల్యా సార్. నేనన్నా కడుగుతా, ఆయా అన్నా కడుగుతాది. ఆ పొద్దు మాత్రం నన్ను బయటికి పొమ్మని, తలుపేసుకోని ఆయనే కడిగినాడు.”

ఆపరేషన్ జరిగేటప్పుడు రోగి గొంతులో అడ్డుపడినదాన్ని మిషను లాగి పోసే గాజు బాటిల్ అది. ఇప్పుడు మల్లికార్జునయ్య ముందు టేబుల్ మీద కొత్త పెళ్ళికూతురి అద్దంలా తళతళలాడుతోంది. నేరం జరిగిన చోట ఏ వస్తువైనా అంత శుభ్రంగా ఉందంటే ఆయనకు అనుమానం మొదలవుతుంది.

మల్లికార్జునయ్యది ఖాజీపేట. బడిపంతులు కొడుకు. సీఐడీలో చేరి తల నెరిసినా గొంతు పెంచి మాట్లాడటం చేతకాని మనిషి. ఆ చేతకానితనం వల్లే సగం మంది ఆయన ముందు అనుకోకుండా నిజం చెప్పేస్తారని డిపార్ట్‌మెంటులో ఒక మాట ఉంది. ఎన్నికల ముందు కడప జిల్లాలో ఒక్క శవం లేచినా హైదరాబాదులో టెలిఫోన్లు మోగుతాయి కాబట్టి, ఈ కేసు చూడమని ఆయన్ను ప్రొద్దుటూరు పంపారు.

కేసు చూడటానికి చిన్నదే. జమ్మలమడుగు అవతల ఒక పల్లెలో గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టిన చిన్నసుబ్బయ్య, వయసొచ్చాక కర్ర వదిలి ఆ ప్రాంతపు పార్టీ నాయకుడి వెంట తిరగడం మొదలుపెట్టాడు. ఆ నాయకుణ్ణి అందరూ పెద్దాయన అంటారు. ఒక పాత కేసులో సోమవారం కడప కోర్టులో చిన్నసుబ్బయ్యకు వాయిదా ఉంది. అటుమొన్న సాయంత్రం జమ్మలమడుగు రోడ్డు మీద చిన్నసుబ్బయ్య మీద నాటుబాంబులు పడ్డాయి. తొడలోనూ పిక్కలోనూ పెంకులు దిగాయి గానీ ప్రాణానికి భయం లేదు. ప్రొద్దుటూరులో డాక్టర్ హుమాయున్ నర్సింగ్‌హోమ్‌కు తెచ్చారు. మర్నాడు పొద్దున్నే మత్తు ఇచ్చి ఆపరేషన్ మొదలుపెట్టారు. ముందురాత్రి నర్సుతో పరాచికాలాడిన మనిషి, ఎక్కిన బల్ల దిగలేదు.

ఎదుటి పార్టీ డాక్టర్‌ను కొనేసిందని చిన్నసుబ్బయ్య మనుషులు గోల పెట్టారు. పోస్టుమార్టం కూడా కానివ్వకుండా శవాన్ని వెనక గేటులోంచి ఎత్తుకుపోయి పూడ్చేశారు. ఈ రోజు మూడోనాటి చిన్నదినం. పల్లెలో తంతు అయిపోయింది కాబట్టి ఇక జనం లారీలెక్కి వస్తారు. వాళ్ళు రాకముందే డాక్టర్‌ను అరెస్టు చేసి సబ్‌జైలుకు పంపుతానని సీఐ ఓబులేసు పొద్దుననే చెప్పేశాడు. ఆ సబ్‌జైల్లో రెండు పార్టీల వాళ్ళూ ఉన్నారు. అక్కడికి పోయిన డాక్టర్ తెల్లారి నడుచుకుంటూ బయటికి వస్తాడన్న నమ్మకం మల్లికార్జునయ్యకు లేదు. ఎవరో ఒకరు పని కానిచ్చేస్తే, ఆ నెత్తురు పేరు చెప్పి రెండు పల్లెలు కొట్టుకు చస్తాయి.

మత్తు ఇచ్చిన డాక్టర్‌ను అడుగుదామంటే ఆయన కడప నుంచి వచ్చిపోయే మనిషి. సంగతి తెలియగానే ఆయనకు అత్తగారి ఊరు గుర్తొచ్చింది. ఫోనులో దొరికినా, అన్నీ హుమాయున్‌నే అడగండి అని పెట్టేశాడు.

మల్లికార్జునయ్య లేచాడు. “పేషెంటు రాత్రి పడుకున్న గది చూపించమ్మా.”

హజరాబీ ఆశ్చర్యపోయింది. పోలీసులు ఆపరేషన్ థియేటర్‌కు పెద్ద సీలు వేసి పోయారు గానీ ఆ గది వైపు తొంగి చూసినవాళ్ళు లేరు. మనిషి ఎక్కడ చనిపోయాడో అక్కడే చంపబడ్డాడని సీఐ ఓబులేసు లెక్క. ఆయన లెక్కలన్నీ అంత సులువుగానే ఉంటాయి.

వెనక వరండా చివర చిన్న గది. ఒక ఇనప మంచం, కిటికీ పక్కన ఒక స్టూలు. దుప్పట్లు మార్చేశారు, నేల తుడిచేశారు. మంచం తలాపున మేకుకు ఒక అట్టముక్క వేలాడుతోంది. ‘నోటికి ఏమీ ఇవ్వరాదు’ అని ఎర్ర సిరాతో రాసి ఉంది. ఆపరేషన్‌కు పోయే వాళ్ళందరికీ ముందురాత్రే తగిలించే అట్ట అది.

“ఇది ఎవరు చదివి వినిపించారు వాళ్ళకు?”

రామసుబ్బయ్యకు తానే చెప్పానంది హజరాబీ. రామసుబ్బయ్య చిన్నసుబ్బయ్యకు మేనమామ, తల్లి గురవమ్మకు తోడబుట్టిన తమ్ముడు, పెద్దాయన దగ్గర కుడిచెయ్యి. తల్లికి ఎందుకు చెప్పలేదంటే, వాళ్ళలో ఎవరితో పడితే వాళ్ళతో మాట్లాడకూడదని వచ్చిన రాత్రే కట్టడి చేశారట. ఆసుపత్రి వాళ్ళు ఏం చెప్పినా రామసుబ్బయ్యకే చెప్పాలి. ఆసుపత్రి నీళ్ళు కూడా వాళ్ళు ముట్టరు. ఎదుటి పార్టీ ఏ చేతిలోంచి విషం పంపుతుందోనని అన్నీ ఇంటినుంచే తెచ్చుకుంటారు.

“ఆయనకు అర్థమైందా?”

“కాకేం సార్. పోయినేడు ఆయప్పకు ఈడనే అపెండిక్స్ ఆపరేషన్ అయింది. ఇదే మంచం. రాత్రంతా చుక్క నీళ్ళన్నా తాపండే అని మమ్మల్నందర్నీ తిట్టినాడు. ఎందుకు తాపకూడదో డాక్టర్ సాబ్ కూర్చోబెట్టి చెప్పినాడు.”

మల్లికార్జునయ్య ఆ మాట మనసులో ఒక మూల పెట్టుకుని మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కిటికీ చువ్వల్లోంచి ఎర్రచీమల బారు ఒకటి గోడ దిగి, మంచం కోడు ఎక్కి, ఇనప పట్టీలు కలిసే చోట మాయమవుతోంది. ఆసుపత్రిలో చీమలు వింత కాదు. అయితే చీమకు పనిలేని చోట పని ఉండదు. ఆయన జేబులోంచి చిన్న చాకు తీసి ఆ సందులో మెల్లగా గీరాడు. ఎండి పెచ్చుకట్టిన నల్లటి ముద్ద ఒకటి ఊడిపడింది. వేళ్ళ మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

రాగి సంగటి. అంచున ఇంకా చెనిక్కాయలు నూరిన ఊరిబిండి కారం అంటుకుని ఉంది.

ఆయన తల ఎత్తేసరికి హజరాబీ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ గదిలో సంగటి తినిపించారని ఆమెకు ఇప్పుడే తెలిసిందని ఆ మొహం చూస్తేనే అర్థమైంది. ముద్దను చేతిరుమాల్లో కట్టి జేబులో పెట్టుకుని మల్లికార్జునయ్య నేరుగా డాక్టర్ గదికి నడిచాడు.

డాక్టర్ హుమాయున్ రెండు రోజులుగా నిద్రపోయినట్టు లేడు. గడ్డం మాసి ఉంది. ఎదురుగా పెట్టిన టీ మీద మీగడ కట్టింది. మల్లికార్జునయ్య చేతిరుమాలు విప్పి టేబుల్ మీద పెట్టాడు. డాక్టర్ దానివంక చూసి కళ్ళు మూసుకున్నాడు.

“మత్తులో ఉన్నోడికి దగ్గే శక్తి ఉండదు సార్. కడుపులో ఉన్నది పైకి తన్నితే నేరుగా ఊపిరితిత్తుల్లో పడతాది. గొట్టం నిండా ఇదే వచ్చింది. లాగినకొద్దీ వచ్చింది.”

“ఆ సంగతి సీఐకి ఎందుకు చెప్పలేదు? గుండె ఆగిపోయిందని ఎందుకన్నారు? బాటిల్ ఎందుకు కడిగారు?”

 డాక్టర్ కిటికీ వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. చిన్నసుబ్బయ్యకు ఒక అన్న ఉండేవాడు. నాలుగేళ్ళ కిందట కోర్టు వాయిదాకు పోతుంటే దారిలోనే నరికి చంపారు. ఆ దినాలు ముగిసిన రాత్రి తల్లి గురవమ్మ చేనుకు కొట్టే పురుగుల మందు తాగింది. ఇక్కడికే తెచ్చారు. పొట్ట కడిగి, ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు పొడిచి, తను పక్కనే కూర్చుని బతికించుకున్నాడు. స్పృహ వచ్చాక ఆమె, ఎందుకు బతికించినావు నాయనా అని అడిగింది. నీకు చిన్నోడు ఉండాడు గదమ్మా అని తను జవాబు చెప్పాడు. ఆ జవాబు ఇప్పుడు చెల్లదు.

“ఈ సంగటి వండింది ఆమె. పెట్టింది ఆమె. ఒక పేషెంటు నా చేతుల్లో పోయినాడు. ఇంకో పేషెంటును నా నోటితో చంపమంటారా?”

 ముప్పై మంది అబద్ధం చెబితే విసుగురాని మనిషికి, ఒక్కడు ఇలాంటి అబద్ధం చెబితే ఏం చెయ్యాలో మల్లికార్జునయ్యకు తోచలేదు. ఎదుటి మనిషి మీద ఆయనకు గౌరవం కలిగింది, దాని వెనకే కోపమూ వచ్చింది.

“మీరు జైలుకు పోతే రేపటికి ఉండరు. మీరు పోతే ఈ ఊళ్ళో ఎంతమంది పేషెంట్లు పోతారో లెక్క వేశారా?”

“వేసినా. లెక్క తేలలే.” డాక్టర్ నవ్వబోయి మానుకున్నాడు. “మా ప్రొఫెసర్ ఒకాయన చెప్పేవాడు, నిజం కూడా మందులాంటిదే, తట్టుకునేవాళ్ళకే ఇవ్వాలని. ఆమె తట్టుకోలేదు సార్. నేను చూసినా.”

“సరే. బల్లెక్కించే ముందు మీరు అడగలేదా, ఏమైనా తిన్నాడా అని?”

అడిగానన్నాడు డాక్టర్. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు కాబట్టి అప్పటికి చిన్నసుబ్బయ్య మగతలో ఉన్నాడు. పక్కనే ఉన్న రామసుబ్బయ్య, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదని తన తల మీద చెయ్యి పెట్టుకుని చెప్పాడు.

మల్లికార్జునయ్య చేతిరుమాలు మళ్ళీ మడిచాడు. “తల్లికి తెలియదు, పెట్టింది. తెలిసిన మనిషి పక్కనే ఉన్నాడు గదా డాక్టర్ గారూ.”

ఈ మాట డాక్టర్‌కు ఇంతవరకు తట్టలేదు. మంచివాళ్ళతో వచ్చిన చిక్కే అది. ఎవరి ఏడుపు ఎంత పెద్దదో చూస్తారు గానీ ఎవరు ఏడవడం లేదో చూడరు. ఆయన ఏదో అనబోయేలోపు బయట జీపు ఆగిన చప్పుడైంది.

సీఐ ఓబులేసు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. గది చిన్నదైపోయినట్టుంటుంది ఆయన వస్తే. ఇద్దరిదీ ఒకటే హోదా. అందుకే ఒకరి మాట ఒకరికి సయించదు.

“ఇంగ చాలు మల్లికార్జునయ్యా. తల్లిని తోడుకోనొచ్చినా. కంప్లైంటు మీద ఏలిముద్ర ఏస్తాది. డాక్టర్‌ను తీసుకపోతాండా.”

“శవపరీక్ష లేకుండా హత్య కేసు ఎట్లా నిలబెడతావు?”

“నిలబడకపోతే పడిపోతాది. పొద్దు గూకేలోపల ఈయప్ప లోపల లేకుంటే ప్రొద్దుటూరు కాలిపోతాది. నీకేం, నువ్వు రేపు హైదరాబాదు బస్సెక్కుతావు. ఈడ ఉండేది నేను.”

“శవాన్ని వెనక గేటులోంచి పోనిచ్చింది కూడా నువ్వే గదా. ఆ గేటుకు తాళం ఎవరు తీశారు?”

ఓబులేసు మొహం కందిపోయింది. నూరు మంది మీద పడితే ఇద్దరు కానిస్టేబుళ్ళు ఏం చేస్తారని గొణిగాడు. మల్లికార్జునయ్య రెట్టించలేదు. తల్లితో ఒక్కసారి మాట్లాడతానని, ఆమె వేలిముద్ర వేస్తే తను అడ్డం రానని మాట ఇచ్చాడు. 

గురవమ్మ వరండాలో గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. బెంచీ ఉన్నా దానిమీద కూర్చోలేదు. ఎండకు ఎండిన సన్నటి మనిషి. చేతులు మాత్రం పెద్దవి, గొర్రెల బొచ్చు కత్తిరించీ, రాగులు విసిరీ కాయలు కాసినవి. ఆ చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి. తమ్ముడు ఏడని అడిగితే, లారీలు వచ్చినాయేమో చూడటానికి రోడ్డు మీదికి పోయినాడంది.

మల్లికార్జునయ్య ఆమె ఎదురుగా నేలమీదే చతికిలబడ్డాడు. ఏం అడగాలో ఆయనకు తెలుసు. దాన్ని ఆమెకు తెలియకుండా ఎలా అడగాలో మాత్రం తెలియదు. సర్వీసులో ఎంతోమంది చేత నిజం కక్కించాడు గానీ నిజం తగలకుండా ఒక మనిషిని పట్టుకోవడం ఇదే మొదటిసారి.

“అమ్మా, మాది ఖాజీపేట. మీ దిక్కు మగోళ్ళు వాయిదాకు పోయేటప్పుడు ఇంట్లో ముద్ద పెట్టి పంపుతారంట గదా. నిజమేనా?”

ఆమె మొదటిసారి ఆయన మొహం వంక చూసింది. “వాయిదా ముద్ద అంటాం నాయనా. వాయిదాకు పోయినోడు తిరిగి వస్తాడో రాడో తెల్దు. ఆకలితో పోకూడదు. తల్లి ఉంటే తల్లి, లేకుంటే పెండ్లాం, సొంత చేత్తో పెట్టి పంపాల.” ఒళ్ళో ఉన్న చేతుల వంక చూసుకుంది. “నా పెద్దోడు ఆ పొద్దు ఫస్టు బస్సుకు టైమయిందని తినకుండా పోయినాడు. పిలుస్తాండా, ఎనక్కి తిరిగి చూడల్యా. ఆ ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది.”

 ఆమె తనంతట తానే చెప్పుకుపోయింది. ఆపరేషన్ అన్నారు, కోస్తారన్నారు. అది కూడా వాయిదానే కదా అనుకుంది. తెల్లవారుజామున ఆసుపత్రి వెనక రేకుల కొట్టంలో స్టవ్ అంటించి సంగటి కెలికింది. చిన్నోడు మగతలో ఉన్నా, అమ్మ చెయ్యి అని గుర్తుపట్టి నోరు తెరిచాడు. పాలు తాగే గొర్రెపిల్ల తెరిచినట్టు తెరిచాడంది. మొత్తం తిన్నాడు.

“నా కొడుకు కడుపు నిండా తిని పోయినాడు నాయనా. పెద్దోడి మాదిరి ఆకలితో పోలే. నాకుండేది ఆ ఒక్కటే.”

ఆయన కళ్ళు చెమర్చాయి. సిగ్గుపడకుండా మణికట్టుతో తుడుచుకున్నాడు. ఏ ముద్ద కొడుకును చంపిందో ఆ ముద్దే ఇప్పుడు ఈ తల్లిని బతికిస్తోంది. దాన్ని ఆమె చేతిలోంచి లాక్కునే హక్కు చట్టానికి ఉండొచ్చు. తనకు మాత్రం లేదనిపించింది.

అయినా ఇంకొక్క ప్రశ్న మిగిలే ఉంది. “ఆసుపత్రోళ్ళు ఏమీ అనలేదా అమ్మా?”

“మంచం కాడ ఏదో అట్ట కట్టినారు. నాకు చదువు రాదు. మా రామసుబ్బయ్యను అడిగితే, పోయి డాక్టర్‌ను అడిగి వచ్చినాడు. తల్లి పెట్టే ముద్దకు ఏం కాదు, కడుపారా పెట్టుకోమను అన్నాడంట డాక్టరు.” ఆమె కొంగుతో మొహం ఒత్తుకుంది. “నన్ను బతికించినప్పుడు ఆ డాక్టర్‌ను తిట్టుకున్నా. నా బిడ్డకు కడాపటి ముద్ద పెట్టనిచ్చినాడే, ఆ మారాజు మీద నేనెట్ల ఏలిముద్ర ఏస్తా? ఎయ్యను. తమ్ముడు కోప్పడినా ఎయ్యను.”

డాక్టర్ గది తలుపు దగ్గర నిలబడి ఈ మాట విన్నాడు. మల్లికార్జునయ్య అటు చూస్తే, తను ఆ మాట అననే లేదన్నట్టు మెల్లగా తల అడ్డంగా ఊపాడు. ఆమెను చంపకూడదని ఆయన ఒక అబద్ధం చెప్పాడు. ఆమె కొడుకును చంపడానికి ఇంకొకడు ఒక అబద్ధం చెప్పాడు. రెండోవాడి అబద్ధమే ఇప్పుడు మొదటివాడికి కాపలా కాస్తోంది. దేవుడికి కూడా అప్పుడప్పుడు ఎగతాళి బుద్ధి పుడుతుంది కాబోలు.

మల్లికార్జునయ్య ఆమెను అక్కడే కూర్చోమని, హజరాబీని మంచినీళ్ళు ఇవ్వమని చెప్పి లోపలికి వచ్చి తలుపు వేశాడు. ఆ తలుపు వెయ్యడం తన సర్వీసులో చేసిన పెద్ద తప్పుల్లో ఒకటని ఆయనకు అప్పుడు తెలియదు.

“ఓబులేసూ, సోమవారం కడప కోర్టులో ఉన్న వాయిదాలో చిన్నసుబ్బయ్య ఏం చెప్పాలనుకున్నాడు?”

సీఐ మొదట దబాయించాడు. ఆ కేసుకూ దీనికీ సంబంధం ఏంటన్నాడు. మల్లికార్జునయ్య టేబుల్ మీద సంగటి ముక్క పెట్టి, అట్ట సంగతీ, అపెండిక్స్ సంగతీ, వరండాలో విన్న మాటా వరసగా చెప్పాడు. వింటున్నకొద్దీ ఓబులేసు కుర్చీలో కిందికి జారిపోయాడు. మోటు మనిషే గానీ చెడ్డవాడు కాదు. చివరికి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“పదైదు దినాల కింద వాడు మా ఇంటికొచ్చినాడు. పెద్దాయన చేయించిన పనులన్నీ జడ్జి ముందర చెప్పేస్తా, ఇంగ గొర్రెలు మేపుకోని అమ్మను చూసుకుంటా అన్న్యాడు. నేను ఎవురికీ చెప్పల్యా. వాళ్ళ మామకు మాత్రం ఒక్కమాట అన్న్యా. మేనమామ గదా, కాపాడుకుంటాడని.”

“కాపాడుకున్నాడు. బాంబు గురి తప్పింది. ముద్ద తప్పలేదు.”

 గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని సామెత. ఇక్కడ గొర్రెలు కాసేవాళ్ళే కసాయిని ఇంట్లో పెట్టుకుని మామా, తమ్ముడూ అని పిలిచారు.

ముందుగా తేరుకున్నది ఓబులేసే. తల్లి వాంగ్మూలం ఒక్కటి తీసుకుంటే చాలు, రామసుబ్బయ్యను ఇప్పుడే సంకెళ్ళు వేసి తీసుకుపోతానన్నాడు. డాక్టర్ వెంటనే లేచి నిలబడ్డాడు. వాంగ్మూలం అంటే కోర్టులో ప్లీడరు ఆమెను నిలదీస్తాడు, ముద్ద వల్లే చచ్చాడని ఆమె మొహం మీదే చెబుతాడు, ఆ రాత్రి ఆమెకు ఎవరు కాపలా ఉంటారని అడిగాడు. వాంగ్మూలం లేకపోతే హంతకుడు పెద్దాయన జెండా పట్టుకుని ఊరేగుతాడని ఓబులేసు అరిచాడు. ఇద్దరూ మల్లికార్జునయ్య వైపు చూశారు. ఇద్దరూ చెప్పేది నిజమే. రెండు నిజాలు ఒకే తల్లి మీద వచ్చి పడితే ఏది పక్కకు జరపాలో ఏ సెక్షనూ చెప్పదు.

ఆయన జవాబు వెతుక్కుంటూ ఉండగానే తలుపు తెరుచుకుంది. హజరాబీ.

“ఆయమ్మ పోయింది సార్. మంచినీళ్ళు తెచ్చేలోపల ఆయప్ప వచ్చినాడు. ఆయమ్మ ఊరికే ఉండక, ముద్ద సంగతి సార్‌కు చెప్పినాలే, నువ్వు డాక్టర్‌ను అడిగొచ్చింది గూడా చెప్పినా అనింది. ఆయప్ప ఒక్క మాట మాట్లాడల్యా. మనసు బాగ లేదు, పులివెందుల కాడ చీనీతోటలో నాల్దినాలు ఉందువుగాని దా అక్కా అని జీపెక్కించుకోని పోయినాడు.”

“ఆ బత్తాయి తోటలో ఎవరుంటారు?”

“కాయలకు మందు కొట్టే కాలం గదా సార్. కూలోళ్ళు కొట్టి పోతారు. మాపటికి ఎవురూ ఉండరు.”

డాక్టర్ హుమాయున్ మందుల బీరువా వైపు తిరిగాడు. 

“నాలుగేండ్ల కిందట ఆమె మందు తాగినప్పుడు భుజాన వేసుకోని ఈడికి పరిగెత్తుకొచ్చింది రామసుబ్బయ్యే. మందు వాసన ఎట్లుంటాది, ఎంతసేపట్లో మనిషి పోతాది, అన్నీ నన్ను అడిగి తెలుసుకున్నాడు. నేను చెప్పినా సార్.”

మిగిలింది ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. పెద్దకొడుకు పోయినప్పుడు మందు తాగిన తల్లి, చిన్నకొడుకు పోయినప్పుడు మళ్ళీ తాగిందంటే ఏ ఊళ్ళోనూ ఎవరూ అనుమానపడరు. పైగా పాపం అంటారు. సాక్షి ఉండదు, వాంగ్మూలం ఉండదు, డాక్టర్ మీద పడిన నింద అలాగే ఉండిపోతుంది.

మల్లికార్జునయ్య అప్పటికే గుమ్మం దాటాడు. ముద్దనూరు దగ్గర ఔట్‌పోస్టుకు ఫోను చెయ్యమని ఓబులేసు కానిస్టేబుల్‌కు కేక పెట్టి, జీపు తాళాలు తీసుకుని స్టీరింగ్ ముందు తనే కూర్చున్నాడు. ఆ తొందరలో ఇద్దరికీ ఇందాకటి తగాదా గుర్తుకు రాలేదు.

“ఆమెకు చెప్పాలా వద్దా?” ఓబులేసు ఇంజన్ స్టార్ట్ చేస్తూ అడిగాడు.

“ముందు ఆమె ఉండాలి గదప్పా. ఉంటే, చెప్పాలో వద్దో అప్పుడు ముగ్గురం కూర్చుని ఏడుద్దాం.”

జీపు కదలబోతుంటే డాక్టర్ హుమాయున్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఒక చేతిలో పొట్ట కడిగే రబ్బరు గొట్టం, ఇంకో చేతిలో ఇంజెక్షన్ల పెట్టె. రోడ్డు చివర జమ్మలమడుగు వైపు నుంచి లారీల దుమ్ము లేస్తోంది, ఎవరికోసం వస్తున్నాయో ఆయనకు తెలుసు. లోపలే ఉండమని మల్లికార్జునయ్య చెయ్యి ఊపాడు.

“ఆమె నా పేషెంటు సార్” అన్నాడు డాక్టర్.

పొద్దున ఏ జీపులోకి ఆయన్ను ఈడ్చుకెళ్ళి పడేస్తానని సీఐ ఓబులేసు ప్రమాణం చేశాడో, ఆ జీపులోకి ఆయన తనంతట తానే ఎక్కి కూర్చున్నాడు. ఓబులేసు ఆయనకు చోటివ్వడానికి వెనక సీట్లో ఉన్న సంకెళ్ళు తీసి కింద పడేసి, బండిని పులివెందుల దారి పట్టించాడు.